మరమ్మతు - మజూరీ - మొగమాటం

కళాశాల వార్షిక సంచికలో కారు మరమ్మతును గూర్చి వ్యాసమేమిటని విజ్ఞులైన పాఠకులు కొందరు ఆశ్చర్యపడవచ్చును. సాహిత్యం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం వంటి గొప్ప విషయాలు ఎన్నో ఉండగా గ్రీజు మరకల ప్రసంగం విద్యాలయానికి తగునా అని శంకించవచ్చును. కాని మనిషి తన కష్టార్జితాన్ని ఎవరికి, ఎందుకు, ఎంత చెల్లించవలెను అన్న ప్రశ్న కంటె దైనందిన జీవితానికి దగ్గరైన ప్రశ్న మరొకటి లేదు. ఆ ప్రశ్న అడుగుటకు నోరు రాని చదువు ఎంత చదివినా అసంపూర్ణమే. అందుచేత ఈ చిన్న విషయాన్ని కళాశాల పాలకసంఘం పెద్దల ముందు, తోటి విద్యార్థుల ముందు సవినయంగా ఉంచుతున్నాము.

గత వేసవిలో మేము నలుగురు మిత్రులము ఒక పాత చిన్న కారులో కర్నూలు నుండి అలంపూరునకు తిరిగి వస్తున్నాము. కారు మాలో ఒకరి తండ్రిగారిది. ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. భార్యను కంటి వైద్యానికి తీసుకొని వెళ్ళుటకని ఎవరో వాడి విడిచిన కారును కొన్నారు. తుంగభద్ర వంతెన దాటి జాతీయ రహదారి మీదుగా వస్తుండగా, అలంపూర్ చౌరస్తా ఇంకా కొంత దూరం ఉన్నదనగానే, వేడిని చూపే ముల్లు ఎర్రగీతను తాకినది. ఇంజను ఆపి, నీడ చూచుకొని నిలిచి, అది చల్లబడిన తరువాత నీళ్ళు పోసి, నెమ్మదిగా ఒక షెడ్డుకు చేర్చినాము. ఆ షెడ్డు పేరుగాని, అది ఉన్న ఊరి పేరుగాని ఇక్కడ వ్రాయడం లేదు. మా వాదం ఒక మనిషితో కాదు, ఒక పద్ధతితో.

షెడ్డు యజమాని మర్యాదగానే మాట్లాడినాడు. "వేడెక్కుతున్నది గదా సార్, చూచి చెబుతాను. రెండు మూడు వేలలో అయిపోతుంది" అన్నాడు. ఫోను నంబరు వ్రాసుకొన్నాడు. మూడు రోజులు గడిచినా ఫోను రాలేదు. నాలుగవ నాడు మేమే వెళ్ళగా ఒక కాగితం చేతికిచ్చినాడు. హెడ్డు గాస్కెటు, లేత్ పని 3,200, వాటర్ పంపు 1,650, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు 3,800, రేడియేటరు పని 1,900, ఆయిలు, కూలెంటు 1,500, మజూరీ 2,800. మొత్తం 14,850 రూపాయలు. రెండు మూడు వేలన్న మాట మూడు రోజులలో అయిదింతలు పెరిగినది.

"ఇంజను వేడెక్కితే క్లచ్ ఎందుకు మార్చినారు?" అని అడిగినాము.

"ఎట్లాగూ విప్పినాము గదా సార్. నేడో రేపో పోయేదే. మీ మంచికే మార్చినాము" అన్నాడు.

మా మంచి ఏదో మమ్ము అడుగకుండానే నిర్ణయమైపోయినది. పాత సామానులు చూపుమన్నాము. తుక్కులో వేసినామన్నాడు. వెదకి వెదకి పాత వాటర్ పంపు ఒక్కటి మాత్రం తెచ్చి చూపినాడు. దాని ఇరుసు చేతితో పట్టి ఊపితే నిజంగానే ఊగినది. మిగిలిన వేవీ కనబడలేదు. మేము ఇంకా వాదించబోగా మిత్రుని తండ్రిగారు వారించినారు. "పోనీలే నాయనా, పనివాడు. నోరు చేసుకొని ఏమి లాభం?" అన్నారు. కూతురి కళాశాల ఫీజుకని దాచిన డబ్బులోనుండి ఫోను ద్వారా మొత్తమంతా చెల్లించినారు. వాణిజ్యశాస్త్రపు పాఠం కొంత జ్ఞాపకమున్న మాలో ఒకరు బిల్లు రెండు ప్రతుల మీదను "క్లచ్, గాస్కెటు, రేడియేటరు పనులు మేము అడిగినవి కావు, అభ్యంతరంతో చెల్లించినాము" అని వ్రాసి, తేదీ వేసి, యజమాని చేత సంతకం చేయించినారు. అప్పుడు అది చిన్న పనిగానే తోచినది. తరువాత అదే మాకు ఆధారమైనది.

మరి మూడు రోజులకు అదే దారిలో, అదే ముల్లు, అదే ఎర్రగీతను మరల తాకినది. ఈసారి మా ఊరి వారందరు "చాచా" అని పిలిచే ఒక వృద్ధ ఉస్తాదు వద్దకు కారును తీసుకొని వెళ్ళినాము. ఆయన పానా చేతికి తీసుకొనలేదు. ఇంజనును నడవనిచ్చి, బండి ముందు చేతులు కట్టుకొని నిలబడినారు. ముల్లు పైకెక్కినది. రేడియేటరు వెనుకనున్న విద్యుత్ ఫ్యాను తిరగలేదు. వేడి పెరిగినప్పుడు ఆ ఫ్యానుకు ప్రవాహమిచ్చే చిన్న స్విచ్చి ఒకటి ఉంటుంది. ఆయన దాని రెండు తీగలను ఊడదీసి ఒకదానితో ఒకటి కలిపినారు. ఫ్యాను గిర్రున తిరిగినది. "స్విచ్చి పోయింది బాబూ, అంతే" అన్నారు. కొత్త స్విచ్చి 380 రూపాయలు, మజూరీ 100 రూపాయలు. మొత్తం 480. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట అన్న సామెత విన్నాము. ఇక్కడ కొండను త్రవ్విన ఖర్చు మాకు పడినది, ఎలుక మాత్రం దొరకలేదు.

సంతోషంతో మేము ఆయన చేతిలో 200 రూపాయల నోటు పెట్టబోతే ఆయన అందులో 100 తిరిగి ఇచ్చినారు. "హిసాబ్ జౌ జౌ, బఖ్షిష్ సౌ సౌ" అన్నారు. లెక్క యవగింజ వరకు చూడవలెను, బహుమానం వందలు వందలుగా ఇవ్వవచ్చును అని దాని భావం. "ఇనాము ఇవ్వదలచుకొంటే వేరే ఇవ్వండి, లెక్కలో కలపవద్దు" అని వివరించినారు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినదంతయు ఆ వృద్ధుని ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. దానిని విస్తరించి చెప్పుట మాత్రమే మా పని.

మొట్టమొదట మూడు విషయాలను వేరు చేసి చూడవలెను. ఒకటి, అవసరమై చేసిన పని. మా కారు వాటర్ పంపు అటువంటిది. మేము అడుగకపోయినను అది అరిగి ఉన్న మాట నిజం. రెండు, సద్బుద్ధితో చేసి తరువాత అనవసరమని తేలిన పని. ఇంజను వేడెక్కినప్పుడు గాస్కెటు పోయినదేమో అని అనుమానించుట తప్పు కాదు. అనుమానం పొరపాటని తేలవచ్చును. వైద్యుడు కూడ పొరపాటు పడును. మూడు, అడుగక, చెప్పక, కారణం లేక చేసి, బిల్లులో చేర్చిన పని. మా క్లచ్ అటువంటిది. హెడ్డు ఇంజను పైభాగాన ఉండును. క్లచ్ ఇంజనుకు, గేరుబాక్సుకు నడుమ ఉండును. ఒకటి విప్పినంత మాత్రాన మరొకటి విప్పినట్లు కాదు. గేరుబాక్సును ప్రత్యేకంగా దింపనిదే క్లచ్ బయటికి రాదు. "ఎట్లాగూ విప్పినాము" అన్న మాట తెలియని వాని చెవికి మాత్రమే ఇంపుగా ఉండే మాట.

ఈ మూటిని కలిపి "అంతా మోసమే" అని అరిచేవాడు న్యాయం తప్పుచున్నాడు. ఈ మూటిని కలిపి "పోనీలే" అని చెల్లించేవాడు కూడ న్యాయం తప్పుచున్నాడు. మొదటిదానికి పూర్తిగా చెల్లించవలెను. రెండవదానిని గూర్చి మాట్లాడుకొనవలెను. మూడవదానిని నిరాకరించవలెను. వివాదమనగా తిట్టుకొనుట కాదు, ఈ విభజన చేయుటయే.

ఇక మోటారు మరమ్మతులోనే ఈ చిక్కు ఎందుకు అధికంగా వచ్చునో చూతము. బియ్యం కొన్నవానికి వండుకొన్న పూటనే మంచిచెడ్డలు తెలియును. మరమ్మతు అట్లు కాదు. రోగమేమిటో చెప్పేది, మందు నిర్ణయించేది, ఆ మందు అమ్మేది ఒకే మనిషి. బండి బాగుపడినను, చేసిన పనులలో ఏది అవసరమో ఏది కాదో యజమానికి ఎన్నటికీ తెలియకపోవచ్చును. మైకేల్ డార్బీ, ఎడి కార్నీ అనే ఇరువురు ఆర్థికశాస్త్రవేత్తలు 1973లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఇటువంటి సేవలను, మోటారు మరమ్మతును ఉదాహరణగా తీసుకొని, ప్రత్యేకంగా విశ్లేషించినారు. వాడిన తరువాత కూడ నాణ్యతను కొలువజాలని ఇటువంటి సేవలలో కొనువాడు చాలవరకు అమ్మువాని మాటను నమ్మవలసి వచ్చునని వారు చూపినారు. నమ్మకమే పెట్టుబడియైన చోట నమ్మకద్రోహానికి అవకాశం కూడ ఎక్కువగానే ఉండును.

ఇది మన ప్రాంతానికో, మన దేశానికో మాత్రమే పరిమితమైన అవగుణమని ఎవరును భావించవద్దు. 1941లో అమెరికాలోని రీడర్స్ డైజెస్ట్ పత్రిక తన పరిశోధకులను ఒక మంచి కారుతో దేశమంతటా త్రిప్పినది. నాటికి ఉన్న 48 రాష్ట్రాలలో, 347 గ్యారేజీల ముందు, ఇంజనులోని ఒక తీగను కావలెననే ఊడదీసి, బాగు చేయుమని అడిగినారు. నూటికి సుమారు 63 గ్యారేజీలు లేని రోగాలను కల్పించినవి, లేదా చేయని పనికి సొమ్ము తీసుకొన్నవి. ఈ లెక్కను అందరును మోసాన్ని చూపుటకే ఉదాహరిస్తారు. మాకు అందులో మరొక సంగతి కూడ కనబడుచున్నది. మూడవ వంతుకు మించిన గ్యారేజీలు తీగను చూచి, బిగించి, ఉన్నమాట చెప్పినవి. ముక్కూ మొగమూ ఎరుగని బాటసారి వచ్చినప్పుడు, మరల కనబడడని తెలిసి కూడ, నిజం చెప్పిన మెకానిక్కులు వారు. మా చాచా వంటి వారు ప్రతి దేశంలోను ఉన్నారు.

రెండవ ఉదాహరణ 1992 నాటిది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం సియర్స్ అనే మహా వ్యాపారసంస్థకు చెందిన మోటారు మరమ్మతు కేంద్రాలకు మారువేషంలో తన ఉద్యోగులను పంపినది. 38 పర్యాయాలు వెళ్ళగా 34 పర్యాయాలు అనవసరమైన పనులు అంటగట్టినారని ఆ సంవత్సరం జూన్ మాసంలో ఆరోపించినది. విచారణలో బయటపడిన మూలకారణం గమనింపదగినది. అక్కడి ఉద్యోగులకు అమ్మిన సామానును బట్టి కమీషను ముట్టేది. ఇన్ని బ్రేకులు, ఇన్ని స్ప్రింగులు అమ్మవలెనని కోటా ఉండేది. సంస్థ తరువాత ఆ కమీషను పద్ధతిని రద్దు చేసి, వినియోగదారులకు పరిహారం చెల్లించుటకు అంగీకరించినది. దీనినిబట్టి తేలినదేమి? అనవసరపు మరమ్మతు రోడ్డు ప్రక్క రేకుల షెడ్డులోని పేదవాని దుర్గుణం కాదు. అద్దాల గదులలో, మెడకు టై కట్టుకొన్నవారి చేత కూడ అది జరుగును. రోగాన్ని చెప్పేవానికి మందు అమ్మకంలో వాటా ఉన్న ప్రతి చోట ఈ ప్రమాదం పొంచి ఉన్నది.

ఇక న్యాయశాస్త్రం ఏమి చెప్పుచున్నదో చూతము. మన చట్టం ఇరుపక్షాలను కాపాడుచున్నది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షను పనివాని పక్షాన నిలుచుచున్నది. వస్తువును అప్పగించిన ప్రయోజనానికి అనుగుణంగా శ్రమనో నైపుణ్యాన్నో వెచ్చించి పని చేసినవాడు, వేరే ఒప్పందం లేనప్పుడు, తన న్యాయమైన ప్రతిఫలం అందేవరకు ఆ వస్తువును తన వద్ద నిలుపుకొనవచ్చును. మెకానిక్కు బండిని ఆపుకొన్నంత మాత్రాన దౌర్జన్యం చేసినట్లు కాదని దీని వలన తెలియుచున్నది. అందుకే బిల్లును ఒప్పుకొననివాడు బండిని లాగుకొని పోరాదు. అభ్యంతరాన్ని వ్రాతలో పెట్టి, సొమ్ము చెల్లించి, బండిని విడిపించుకొని, ఆ తరువాత వాదించుట వివేకవంతమైన మార్గం. అయితే ఆ సెక్షనులోనే "అప్పగించిన ప్రయోజనానికి అనుగుణంగా" అన్న నియమమున్నదని మరువరాదు. ఇరువురు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరించినప్పుడే సమ్మతి అగునని అదే చట్టం 13వ సెక్షను చెప్పుచున్నది. వేడి తగ్గించుటకు అప్పగించిన బండిలో క్లచ్ మార్చుటకు సమ్మతి ఎక్కడిది?

వినియోగదారుని పక్షాన మరింత స్పష్టమైన మాట ఉన్నది. ఒక వస్తువు లేక సేవ అవసరమున్నదని అబద్ధపు మాటగాని, తప్పుదారి పట్టించే మాటగాని చెప్పుట అక్రమ వ్యాపార పద్ధతి అని మన చట్టం నిర్వచించినది. 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టానికి 1984లో చేసిన సవరణలో ఆ మాట చేరినది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దానిని స్వీకరించినది. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి కొత్త చట్టం దానిని నిలుపుకొన్నది. బిల్లు ఇవ్వకపోవుట కూడ అక్రమ పద్ధతియేనని ఈ కొత్త చట్టం చేర్చినది. జరిగిన నాటి నుండి రెండు సంవత్సరాల లోపల ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయలకు మించనప్పుడు జిల్లా కమిషనులో ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. అంతకు ముందే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 అనే నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

అలంపూరు ప్రజలకు ఈ కొత్త చట్టంలోని మరొక అంశం విశేషంగా ఉపయోగపడును. మన ఊరు తుంగభద్ర ఒడ్డున ఉన్నది. వైద్యానికైనా, వ్యాపారానికైనా, మోటారు సామానుకైనా ఏటికి ఆవల నున్న కర్నూలుకు పోవుట మనకు తరతరాల అలవాటు. 2014 జూన్ 2 నుండి ఆ ఆవలి గట్టు వేరొక రాష్ట్రమైనది. పాత చట్టం ప్రకారం ఎదుటి పక్షం ఉన్న చోటనో, వ్యవహారం జరిగిన చోటనో ఫిర్యాదు చేయవలసి ఉండేది. కొత్త చట్టం ఫిర్యాదుదారుడు నివసించే చోటనే, లేక పని చేసే చోటనే, ఫిర్యాదు చేయుటకు వీలు కల్పించినది. ఏటి ఆవలి బిల్లుకు ఏటి ఈవల న్యాయం అడుగవచ్చునన్న మాట. ఈ సంగతి ఎరిగినవారు మన ఊరిలో ఎందరు?

ఇంతవరకు చదివిన పాఠకులలో కొందరికి ఒక ఆక్షేపణ తోచి ఉండును. అది మాకును తోచినదే గనుక దాచక చెప్పుచున్నాము. మన విద్యార్థులలో చాలమంది అన్నలు, తమ్ములు, మామలు మోటారు షెడ్లలోనే పని చేస్తున్నారు. పదవ తరగతి దాటకనే పానా పట్టిన చేతుల సంపాదనతో మనలో కొందరము ఈ కళాశాల మెట్లు ఎక్కినాము. ఎండలో బండి క్రింద వెల్లకిల పడుకొని ఒళ్ళు కాల్చుకొనే మనిషి బిల్లును మనమే ప్రశ్నించుట అన్నం పెట్టిన చేతిని కరచుట కాదా? బట్టల దుకాణంలోను, ఫలహారశాలలోను అడిగినంత ఇచ్చి, పనివాని దగ్గర మాత్రం లెక్కలు తీయుట న్యాయమా?

ఈ ఆక్షేపణలో కొంత సత్యమున్నది. పనివాని మజూరీని తగ్గించుటకే బేరమాడేవారిని మేము కూడ గర్హిస్తున్నాము. అయినను ఒక్క విషయం ఆలోచింపుడు. మేము కాదన్నది మజూరీని కాదు. చేయనక్కరలేని పనిని. మా బిల్లులో 14,850 రూపాయలకు గాను మజూరీ 2,800 మాత్రమే. బండి క్రింద పడుకొన్న కుర్రవానికి అందులో ఏ కొద్ది భాగమో ముట్టి ఉండును. పెద్ద మొత్తం సామాను మీదనే పోయినది. పైగా మనము మౌనంగా చెల్లించిన ప్రతి అనవసరపు బిల్లు ఎవరిని దెబ్బ తీయుచున్నది? చాచా వంటి వారిని. 480 రూపాయలతో పని ముగించే ఉస్తాదు కంటె 14,850 వసూలు చేసే షెడ్డు పెద్దదగును, దాని బోర్డు పెద్దదగును, జనం అక్కడికే పోవుదురు. షెడ్డులోని కుర్రవాడు ఏ విద్య నేర్చుకొనును? రోగాన్ని కనిపెట్టే విద్యనా, సామాను మార్చే విద్యనా? ఇంజను వేడెక్కినప్పుడు ముందుగా నీళ్ళు చూడవలెను, గొట్టాలు చూడవలెను, ఫ్యాను చూడవలెను, స్విచ్చి చూడవలెను, ఆ పిమ్మటనే హెడ్డు మీద చేయి వేయవలెను. చవకనుండి ఖరీదుకు, సులభమునుండి కఠినమునకు నడచుట ఉస్తాదు లక్షణం. ఆ క్రమం తప్పిన శాగిర్దు ఎన్ని బండ్లు విప్పినా ఉస్తాదు కాజాలడు. కాబట్టి ప్రశ్నించుట వృత్తికి ద్రోహం కాదు. వృత్తిని నిలుపుట.

పాత సామానును తిరిగి అడుగుటను కూడ కొందరు అవమానంగా భావింతురు. మన అలంపూరులోనే దీనికి ఒక చక్కని పాఠమున్నది. శ్రీశైలం జలాశయంలో మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, తెచ్చి, మన ఊరిలో మరల నిలబెట్టినారు. విప్పిన రాళ్ళకు లెక్క ఉండబట్టియే శతాబ్దాల నాటి ఆ కట్టడం ఈనాడు మన కన్నుల ముందు నిలిచి ఉన్నది. విప్పుట ఎంత బాధ్యతయో, విప్పినదానికి లెక్క చెప్పుట అంత బాధ్యత. కాలిఫోర్నియా రాష్ట్రంలో 1971 నాటి మోటారు మరమ్మతు చట్టం ఈ సూత్రాన్నే శాసనం చేసినది. పని మొదలిడకముందే అంచనా వ్రాసి ఇవ్వవలెను. అంచనా మించే పనికి యజమాని అనుమతి పొందవలెను. అడిగినచో పాత సామాను తిరిగి ఇవ్వవలెను. మన దగ్గర అటువంటి ప్రత్యేక శాసనం కోసం వేచి ఉండనక్కరలేదు. అడిగే అలవాటు మనకు ఉంటే చాలును.

మా కథ చివర ఏమైనదో చెప్పవలసి ఉన్నది. చాచా ఇచ్చిన రసీదును, సంతకమున్న పాత బిల్లును జతపరచి ఆ షెడ్డు యజమానికి ఒక ఉత్తరం వ్రాసినాము. అందులో తిట్టు ఒక్కటి లేదు. వాటర్ పంపు అవసరమేనని మేమే ఒప్పుకొన్నాము. క్లచ్ అడుగలేదు, రేడియేటరులో దోషం చూపలేదు, అసలు దోషం తీరలేదు అని మూడు వాక్యాలలో వ్రాసి, పదిహేను దినాలు గడువిచ్చి, ఆ పిమ్మట జిల్లా వినియోగదారుల కమిషనుకు పోగలమని తెలిపినాము. ఉత్తరాన్ని రిజిస్టరు పోస్టులో పంపినాము. పన్నెండవ నాడు ఆయనే ఫోను చేసి పిలిపించినాడు. గంటసేపు మాట్లాడుకొన్నాము. క్లచ్ 3,800, రేడియేటరు 1,900, మజూరీలో సగం 1,400, మొత్తం 7,100 రూపాయలు తిరిగి ఇచ్చినాడు. గాస్కెటు విషయంలో ఆయన ఒప్పుకొనలేదు. పాత గాస్కెటు లేనందున అది మంచిదో చెడ్డదో మేము నిరూపింపలేకపోయినాము. ఆ సొమ్మును వదులుకొన్నాము. విడిపోయేటప్పుడు టీ త్రాగి విడిపోయినాము. మిత్రుని తండ్రిగారు ఆ సొమ్ము తీసుకొని, "నలభై ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పినాను, ఈ ఒక్క లెక్క అడుగుటకు నాకు నోరు రాలేదు" అన్నారు. ఆ మాట మాకు ఆ రూపాయల కంటె ఎక్కువ బరువుగా తోచినది.

ఆయనకు నోరు రాకపోవుటకు కారణం అజ్ఞానం కాదు, మొగమాటం. మన మధ్యతరగతి మర్యాద మనకు నేర్పిన రోగమది. లెక్క అడుగుట లోభమని, వ్రాసుకొనుట అనుమానమని, రసీదు కోరుట అవమానమని భావిస్తున్నాము. చివరకు లోలోపల కుమిలి, పదిమంది వద్ద ఆ షెడ్డు వానిని నిందించి, ఎదుట మాత్రం చిరునవ్వుతో చెల్లిస్తున్నాము. ఎదుట అడిగి వెనుక మరచిపోవుట మర్యాద. ఎదుట మౌనం వహించి వెనుక నిందించుట మర్యాద కాదు.

కాబట్టి కళాశాల పాలకసంఘం వారికి మా విన్నపాలు రెండు. మొదటిది, ఒక ముద్రిత అంచనా పుస్తకం. ఒక వైపు ఉర్దూ, ఒక వైపు తెలుగు. బండి దేనికి వచ్చినది, ఏమి చేయవలెను, ఎంత అగును, దాటితే ఎవరికి ఫోను చేయవలెను, పాత సామాను తిరిగి ఇవ్వబడినదా అనే అయిదు గళ్ళు చాలును. మన విద్యార్థులే దీనిని సిద్ధం చేసి, తమ అన్నదమ్ములు పని చేసే షెడ్లకు ఉచితంగా ఇవ్వవచ్చును. ఇది వినియోగదారునికే కాదు, నిజాయితీ గల మిస్త్రీకి కూడ రక్షణ. చేసిన పనికి సొమ్ము ఎగవేసేవారు కూడ లోకంలో ఉన్నారు గదా. రెండవది, వారానికి ఒక సాయంకాలం కళాశాలలో ఒక ఉత్తరాల బల్ల. చదువురాని వారు తమ బిల్లులతో వస్తే మన విద్యార్థులు చదివి చెప్పవలెను. అవసరమైతే ఉర్దూలోగాని తెలుగులోగాని ఉత్తరం వ్రాసి పెట్టవలెను. దీనికి భవనం అక్కరలేదు, గ్రాంటు అక్కరలేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, కొంత ఓపిక చాలును.

మరమ్మతు, మజూరీ, హిసాబు, రసీదు, ఫిర్యాదు, హక్కు, రాజీ. ఈ వివాదంలో వాడవలసిన మాటలను ఒక్కసారి పలికి చూడుడు. ఇవన్నియు ఉర్దూ ముంగిటి నుండి తెలుగింటిలోనికి వచ్చి, ఈ ఇంటి బిడ్డలైనవి. రెండు భాషల విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదివే మన కళాశాలకు ఈ మాటల అర్థం ఎవరును నేర్పనక్కరలేదు. వాటిని సమయానికి, సౌమ్యంగా, తల ఎత్తి పలుకుటయే నేర్చుకొనవలసి ఉన్నది.

పనివానికి చేయి చాచి ఇనాము ఇత్తము. అది మన ఔదార్యం. లెక్కను మాత్రం యవగింజ వరకు అడుగుదము. అది మన హక్కు. ఈ రెండును వేరు వేరుగా నిలిచిన నాడే పనికి గౌరవము, సొమ్ముకు న్యాయము చేకూరును.